కుంకుమ పెట్టిన కుచ్చు

శ్రీజకు పాలు పట్టడమంటే పెద్ద పని. పుట్టుకతోనే ఆ బిడ్డకు పైపెదవి ముక్కు దాకా చీలి ఉంది. లోపల అంగిలి కూడా కొంత కలవలేదు. రొమ్ము అందుకోలేదు. అందుకని తల్లి మాలతి పాలు పిండి ఉగ్గుగిన్నెలో పోసి ఇస్తే, చిన్నత్త రుక్కమ్మ పిల్లను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, గిన్నె ముక్కును నోటి మూలకు ఆనించి బొట్టు బొట్టుగా జార్చేది. గుటక పడేదాకా ఆగేది. తర్వాత ఇంకో బొట్టు. నాలుగు నెలల నుంచి రెండు గంటలకొకసారి ఇదే పని.

"పిల్లలు లేని మనిషి గదా, ప్రాణం బెట్టి సాకుతుంది" అనుకునేవాళ్లు గద్వాల సాలెవాడలో. రుక్కమ్మ విని ఊరుకునేది. తన మనసులో ఉన్నది వేరే సంగతి.

కిందటేడు ఆషాఢం చివర పొద్దు పొడుస్తూనే సూర్యగ్రహణం పట్టింది. రుక్కమ్మ తోడికోడలు జమ్ములమ్మ, ఆమె కొడుకు, అంటే మాలతి భర్త నాగేశ్, ఇద్దరూ కృష్ణా నదికి స్నానానికి పోయారు. ఇంట్లో రుక్కమ్మ, కడుపుతో ఉన్న మాలతి మిగిలారు. మగ్గం మీద ఉల్లిపొర రంగు చీర పూర్తయి ఉంది. ఎనిమిదింటికి చీర కోసం సేటు మనిషి వస్తాడు. తలుపులు మూసిన ఇంట్లో రుక్కమ్మకు వెలుతురు తెలియలేదు. "గ్రహణం ఇడిసినట్టే ఉంది, చీర కొయ్ బిడ్డా" అంది. మాలతి కత్తితో చీరను మగ్గం నుంచి కోసింది. బయటికి వచ్చి చూస్తే సూర్యుడు ఇంకా సగమే ఉన్నాడు.

కార్తీకంలో పిల్ల గ్రహణం మొర్రితో పుట్టింది. గ్రహణం పూట కత్తి పట్టిందని జమ్ములమ్మ కోడల్ని అనని రోజు లేదు. కొయ్యమన్నది ఎవరో మాలతి ఒక్కనాడూ చెప్పలేదు. చెప్పకపోవడమే రుక్కమ్మకు నిద్ర లేకుండా చేసింది.

ఆ సోమవారం పొద్దున నర్సు ఏసమ్మ వచ్చింది. దూలానికి తక్కెడ తగిలించి, గుడ్డ ఉయ్యాలలో శ్రీజను వేలాడదీసింది. నాగేశ్ మగ్గం గుంటలోంచి మెడ సాచి చూశాడు. మాలతి కొంగు నోట్లో పెట్టుకుంది. ఐదు కిలోలు ఉంటే తప్ప మత్తు ఇవ్వలేమని కర్నూలు డాక్టరు రెండుసార్లు తిప్పి పంపాడు.

"ఐదు దాటింది. ఇంకా మీద యాభై గ్రాములు" అంది ఏసమ్మ. "అంతా గీ ముసలామె గిన్నె మహిమ."

"ముసలామె ఎవరే? నాకింక యాభై నిండలే" అంది రుక్కమ్మ. నెలల తర్వాత మాలతి పళ్లు కనిపించేలా నవ్వింది.

"బుధవారం పొద్దున రైలుకు పోండ్రి. గురువారం ఆపరేషన్. ముందుగాల పెదవి కలుపుతరు, అంగిలి వచ్చే ఏడు. గీ తారీఖు తప్పిందంటే మల్ల ఎండలు పోయినంకనే. అప్పటిదాంక పిల్లకు జొరమో దగ్గో వస్తే బరువు మల్ల దిగుతది, చెప్తున్న."

జమ్ములమ్మ రాట్నం ఆపింది. "బుధవారం లేదు, గురువారం లేదు. మూడు అమాసలు శాంతి చేయించాలని పంతులు చెప్పిండు. గ్రహణ దోషం మీదుండంగ కత్తి వెడితే పిల్ల లేస్తదా? దీని చేతి కత్తితోని వచ్చింది సాలదా, ఇంకో కత్తా?"

మాలతి తల దించుకుంది. నాగేశ్ గుంటలోంచి మెల్లగా అన్నాడు. "అమ్మ మాట గూడ... మూన్నెల్లే గదా."

"నీకు కత్తంటే భయం, దానికి అమ్మను అడ్డం వెడుతున్నవ్" అంది రుక్కమ్మ. పిల్లను ఉయ్యాలలోంచి తీసి మాలతికి అందించింది. చేతులు ఖాళీ అయితే గానీ ఆ మాట చెప్పలేననిపించింది. "అక్కా, చీర కొయ్యమన్నది నేను. మాలతి కాదు. గ్రహణం ఇడిసిందనుకొని నేనే చెప్పిన. నాలుగు నెలల సంది నా మీద పడాల్సిన మాటలు గూడ అదే పడ్డది."

నాగేశ్ భార్య వంక చూశాడు. మాలతి ఎటూ చూడలేదు.

"నువ్వా" అంది జమ్ములమ్మ. "దగ్గరుండి చేయించి, గిన్నె పట్టుకొని కూసున్నవా? పాపం కడుక్కునేటందుకా?"

"అవ్. అందుకే" అంది రుక్కమ్మ.

"ఎవరు చేయిస్తే ఏంది, దోషం పిల్ల మీదనే గదా ఉన్నది. శాంతి కావాలె."

తక్కెడ సంచిలో సర్దుకుంటున్న ఏసమ్మ తలెత్తింది. "గ్రహణం నాటికి మాలతికి ఎన్నో నెల?"

"ఐదు దాటింది" అంది మాలతి.

"పెదవి కుదిరేది రెండో నెల నిండే లోపట్నే. గప్పుడు కలవకుంటే ఇగ చీలికనే. ఐదో నెలల ఏం కోస్తే ఏమున్నది?"

"నీ పుస్తకాల లెక్కలు మాకొద్దు. ఎన్నో నెలనో ఎవరికి యాదుంటది?"

రుక్కమ్మకు ఆ మాట వింటూనే మగ్గం పక్క గుంజ కనిపించింది. పడుగు అయిపోయినప్పుడల్లా మిగిలిన దారాల కొసలు ఒక కుచ్చుగా ముడివేసి, ఆ గుంజ మేకుకు కట్టడం జమ్ములమ్మ అలవాటు. రంగు అద్దేవాడికి చూపించడానికి పనికొస్తాయి. ఈ ఇంట్లో ఒక పడుగు నేయడానికి నెల పడుతుంది, అంటే నెలకో కుచ్చు. ఆ ముళ్లు ఆమె తప్ప ఇంకెవరూ వేయరు. ముట్టుకుంటే ఒప్పుకోదు కూడా.

రుక్కమ్మ ఆ కుచ్చుల గుత్తిని మేకు నుంచి తీసుకొచ్చి జమ్ములమ్మ ఒళ్లో పెట్టింది.

"నా లెక్కొద్దు, ఏసమ్మ లెక్కొద్దు. నీ ముళ్లు నువ్వే జూడు. కోడలు నీళ్లు వోసుకున్నదని తెలిసిననాడు నువ్వు కుంకుమ వెట్టిన కుచ్చు ఏది?"

జమ్ములమ్మ వేళ్లే వెతికాయి. ఆవపసుపు కుచ్చు, కొన మీద ఎండిపోయిన కుంకుమ.

"గప్పటికే నెల దాటింది" అంది రుక్కమ్మ. "తర్వాత?"

"చిలకపచ్చ."

"రెండు నిండినయి. తర్వాత?"

జమ్ములమ్మ వంకాయ రంగు జరిపింది. నీలం జరిపింది. ఐదోది, గ్రహణం నాటి ఉల్లిపొర రంగు కుచ్చు దగ్గర ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ముళ్లు తనవే. తన చేతి ముడి తనకు తెలియకపోవడం ఎలా?

గుత్తి పట్టుకుని లేచి, దాన్ని మళ్లీ మేకుకు తగిలించి వచ్చింది. కోడలి ముఖం చూడలేదు. "రైలు ఎన్నింటికి?" అని ఏసమ్మను అడిగింది.

బుధవారం పిల్లను తీసుకుని ఇంట్లో నలుగురూ కర్నూలు వెళ్లారు. గురువారం తెల్లవారాక చుక్క పాలు పట్టొద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. నాలుగు నెలలు గంటలు లెక్కపెట్టి పాలు పట్టిన చేతులతో, ఏడుస్తున్న పిల్లను ఊరికే పట్టుకుని తిరగడం ఎంత కష్టమో రుక్కమ్మకు ఆ పూటే తెలిసింది. ఉగ్గుగిన్నె సంచి అడుగున పెట్టి, పైన బట్టలు కుక్కింది, కంటికి కనిపించకుండా. ఆపరేషన్‌కు తీసుకుపోను దవాఖాన నర్సు చేతులు చాచినప్పుడు, పిల్లను ఎత్తుకుని ఉన్న నాగేశ్ వదల్లేదు.

"ఇయ్యి బిడ్డా" అంది రుక్కమ్మ. "ఆకలైతుంది దానికి. ఎంత జల్ది ఇస్తే అంత జల్ది పాలు."

ఇచ్చాడు. తలుపు మూసుకున్నాక మాలతి పక్కన వచ్చి కూర్చున్నాడు. "నన్ను ఒక్కసారి గూడ తిట్టలేదు నువ్వు" అన్నాడు. "ఇంటికి పోయినంక తిడ్త" అంది మాలతి.

మధ్యాహ్నం శ్రీజను బయటికి తెచ్చారు. పెదవి వాచి ఉంది. నల్లటి కుట్లు కనిపిస్తున్నాయి. మాలతి చూసి గోడకు ఆనుకుంది. జమ్ములమ్మ మాత్రం ముందుకు వంగి, కొత్తగా వచ్చిన చీరను పట్టి చూసినట్టు చాలాసేపు చూసింది. "సమంగనే కలిపిండు" అని ఊరుకుంది.

రెండు గంటలు గడిచాక పాలు పట్టమన్నారు. మాలతి పిండి ఇచ్చింది. రుక్కమ్మ సంచి అడుగు నుంచి గిన్నె తీసి వేడినీళ్లతో కడిగింది. కూర్చోబోతుంటే జమ్ములమ్మ అప్పటికే మంచం అంచున కూర్చుని, పిల్లను ఒళ్లోకి తీసుకుని ఉంది. ఇన్ని నెలల్లో ఒక్కసారీ పాలు పట్టని మనిషి, చెయ్యి చాచింది.

"ఎట్ల పట్టాలె? చెప్పు."

రుక్కమ్మ గిన్నె ఇచ్చింది. "కుట్లకు తాకనియ్యకు. మూల నుంచి. ఒక్క బొట్టు."

బొట్టు జారింది.

"ఇప్పుడు ఆగు. గొంతు జూడు."

ఇద్దరూ గొంతు వంక చూశారు.

"మింగింది" అంది జమ్ములమ్మ.

"ఇంగో బొట్టు" అంది రుక్కమ్మ.