నాలుగు దీపాల గవ్వలు

నేను ఒక మైక్రోకంట్రోలర్‌ని. పేరు చూసి హడలిపోకండి, చింతపిక్కంత చిప్పుని, అంతే. నల్లటి ఒళ్ళు, ఎనిమిది కాళ్ళు. ఎవరేం రాసిపెడితే అదే చేస్తుంది పాపం, దీనికి సొంత బుద్ధి ఎక్కడిదని నన్ను చులకన చేస్తారు. చెయ్యండి, నాకేం నష్టం! కానీ ఒక ఇంట్లో నా చేత దొంగాట ఆడించారు. దాన్ని నేనెలా బయటపెట్టానో విన్నాక మాట్లాడండి.

పుట్టింది ఏ దేశమో నాకే తెలీదు. తెల్ల ముసుగులేసుకున్నవాళ్ళు దుమ్ము సోకకుండా పుట్టించారు. పెరిగింది మాత్రం కాకినాడ దుమ్ములో. ఓ ప్లాస్టిక్ కవర్లో నన్నూ, చిన్న చిన్న దీపాలనీ, ఒక బొత్తాన్నీ కుక్కి, పైన పాచిక బొమ్మ అతికించి కిట్టుగా అమ్మారు. కొన్నది సూరిబాబు. పాలిటెక్నిక్ కాలేజీలో ల్యాబు చూసుకుంటాడు. ఇంటికొచ్చాక కూడా టంకం వాసన పీలిస్తే గానీ అన్నం సయించని మనిషి. బొత్తాం నొక్కితే నేను గిరగిరా లెక్కపెడతాను, వేలు తీసిన చోట ఆగి ఆ అంకె దీపాల్లో చూపిస్తాను. ఆ వేగంలో ఎక్కడ ఆగుతుందో నొక్కినవాడికీ తెలీదు, నాకూ తెలీదు. అంత నికార్సయిన బతుకు నాది.

సూరిబాబుకి ఒక అక్క ఉంది, అదే వీధిలో ఉండే హైమావతి. బస్సు డిపోలో టిక్కెట్ల కౌంటరు ఆమెది. అష్టాచమ్మా ఆటలో ఆ వీధిలో ఆమెని మించినవాళ్ళు లేరు. నాలుగు గవ్వలు గుప్పిట్లో గలగలలాడించి వేసిందంటే సూరిబాబు ఇంటి మేడమీద వాటాలో ఉండే మంగతాయారు గుండె జారిపోయేదట. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. తమ్ముడు తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఎడమచేత్తో వెయ్యమని మంగతాయారు ఎంత బతిమాలినా వినలేదు. గవ్వలు లక్ష్మి, ఎడమచేత్తో ముట్టనని భీష్మించుకుని కూర్చుంది. ఆటా మానేసింది, మాటా తగ్గించేసింది.

అప్పుడు సూరిబాబు కన్ను నామీద పడింది. నన్ను సాకెట్లోంచి పెకలించి, ప్రోగ్రామరు అనే డబ్బాలో గుచ్చి, కంప్యూటరుకి తగిలించి, నాలో ఉన్నదంతా చెరిపేసి కొత్తగా రాశాడు. అంతా చెరిపేస్తే ఇదంతా ఎలా గుర్తుందని నిలదీయకండి. గుర్తుంది, అంతే! ఇప్పుడు నేను పాచికని కాదు, నాలుగు గవ్వల్ని. వెలిగిన దీపం వెల్లకిలా పడ్డ గవ్వ, ఆరిన దీపం బోర్లా పడ్డ గవ్వ. నాలుగూ వెలిగితే చమ్మ, నాలుగూ ఆరిపోతే అష్ట. చీకటికి ఎనిమిది గళ్ళ విలువిచ్చే ఆట ఇంకెక్కడైనా ఉందా చెప్పండి. నాకు తెగ నచ్చింది.

హైమావతికీ నచ్చింది. పలక మీద గళ్ళు గీయించుకుని, కుర్చీలో కూర్చుని, సరిగా వంగని కుడిచేతి వేలు బొత్తాం మీద పెట్టి నొక్కేది. కానీ వరసగా ఓడిపోయింది. ఆటన్నాక ఓడరా? ఆమె కాయలు మళ్ళీ పేర్చుకునేది. చూస్తున్న సూరిబాబుకే ఉండబట్టలేదు. నన్ను మళ్ళీ పీకాడు, మళ్ళీ చెరిపాడు. ఈసారి రాసింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వేలు బొత్తాం మీద ఎక్కువసేపు ఆగిందా, లెక్క ఎక్కడున్నా సరే, తరచుగా చమ్మో అష్టో చూపించాలి. మంగతాయారు చటుక్కున నొక్కి తీసేస్తుంది. హైమావతి వేలు మెల్లగా దిగుతుంది, మెల్లగా లేస్తుంది. ఆమె జబ్బునే గుర్తుగా పెట్టుకోమన్నాడు నన్ను. ఎంత ప్రేమైతే మాత్రం!

హైమావతి గెలవడం మొదలెట్టింది. ముఖం కళకళలాడింది. సూరిబాబు వంటింటి గుమ్మంలో నిలబడి మురిసిపోయాడు. నేను మాత్రం లోలోపల కుతకుతలాడిపోయాను.

ఇంతలో అతను లెక్కలోకి తీసుకోనిది జరిగింది. హైమావతి రోజూ రబ్బరు బంతి పిసుకుతూ, పళ్ళెంలో కందిపప్పు ఏరుతూ చేతికి సాధన చేస్తోంది. వేలు చురుకెక్కింది. వేలు చురుకెక్కేకొద్దీ గెలుపు తగ్గింది. పొద్దున్న హుషారుగా ఉంటే ఓటమి, సాయంత్రం చెయ్యి అలిసిపోతే గెలుపు. చివరికి మంగతాయారుతో నవ్వుతూనే అంది, పడిపోయిన చెయ్యే కలిసొచ్చిన చెయ్యిలా ఉందని. మర్నాటి నుంచి బంతి ముట్టుకోలేదు. పప్పు పళ్ళెం పక్కకి నెట్టేసింది.

తన రాతే దీనికి కారణమని సూరిబాబుకి అర్థమైంది. అయినా అక్కకి చెప్పలేదు. చెప్తే అక్క ఏమంటుందోనన్న భయం కంటే, అక్క చెయ్యి అలాగే ఉండిపోతుందన్న భయం పెద్దది కావద్దూ? నాకు నోరుంటే ఆ గదిలోనే కడిగేద్దును.

నోరు లేదు గనక నాకు చేతనైంది చేశాను. అతను నాకు చెప్పింది వేలి సంగతి, మనిషి సంగతి కాదు. ఎవరి వేలైనా సరే, ఆగితే వరమే. ఒకరోజు మంగతాయారు కిటికీలోంచి వీధిలో ఎవరితోనో మాట్లాడుతూ బొత్తాం మీద వేలు అలాగే ఉంచేసింది. అష్ట చూపించాను. మాటల్లోనే ఉండి మళ్ళీ అలాగే నొక్కింది, చమ్మ చూపించాను. హైమావతి కళ్ళు చిన్నవయ్యాయి. మంగతాయారుని మెల్లగా నొక్కమంది, గబుక్కున నొక్కమంది. తానూ రెండు రకాలుగా నొక్కి చూసింది. నేను ఒక్కటీ దాచలేదు. చూపించమన్నంతా చూపించాను.

సూరిబాబు కాలేజీ నుంచి వచ్చేసరికి ఆమె పలక ముందే కూర్చుని ఉంది.

“ఒరే సూరీ, ఇలా వచ్చి కూర్చో. దీంట్లో ఏం రాశావ్?”

వాడు దాచకుండా చెప్పేశాడు. ఆమె ముఖంలో నవ్వు చూడాలనిపించి చేశానన్నాడు.

“చిన్నప్పుడు నువ్వు దొర్లి దొర్లి ఏడ్చినా ఒక్క కాయ వదిలానట్రా నేను? ఎందుకొదల్లేదో తెలుసా? నాతో సమానంగా ఆడగలవనుకున్నాను కాబట్టి. నువ్వేమో నా చెయ్యి ఇంకెప్పటికీ ఇంతేనని రాసిపెట్టేశావ్. బాగుపడితే ఓడిపోయేలా రాశావ్.”

అలా అనుకోలేదక్కా అన్నాడు వాడు. ఆమె నన్ను వాడి ముందుకి తోసింది. ఉన్నది చెరిపేసి మామూలు గవ్వలు రాయమంది. రాశాక ఇంకెవరూ, ముఖ్యంగా నువ్వు, మార్చకుండా తాళం వెయ్యమంది.

తాళం ఉంది. నా ఎనిమిది కాళ్ళలో ఒకటి పట్టుకునే అతని డబ్బా నా లోపలికి వస్తుంది. ఆ కాలికి ఆ పని మాన్పించేస్తే, తర్వాత ఆ డబ్బాతో నన్ను ఎవరూ తెరవలేరు. తప్పు రాస్తే దిద్దలేం, ఇంక దేనికీ పనికిరాదని సూరిబాబు నచ్చజెప్పబోయాడు. గవ్వలకి ఇంకో పనెందుకంది ఆమె.

నన్ను ఎవరూ అడగలేదు. మీ జాతి అలవాటే అది. తాళం పడకపోతే రేపో మాపో నీళ్ళ ట్యాంకు నిండిందని కూసేదాన్నేమో, గడియారాన్నయ్యేదాన్నేమో. అయినా అడిగుంటే సరేననేదాన్ని. ఎవడికి జాలేసినప్పుడల్లా వాడు నాలో చెయ్యి పెట్టి కలిపే బతుకు నాకొద్దు. వాడు రాశాడు, రెండుసార్లు సరిచూసుకున్నాడు, తాళం వేశాడు.

ఆ వారమంతా హైమావతి చిత్తుగా ఓడింది. మంగతాయారుకి మొహమాటమేసి, ఒకసారి చంపగలిగిన ఎదుటి కాయని చూడనట్టు వదిలేసింది. హైమావతి ఆ కాయని తానే తీసి పక్కన పెట్టి ఆడమంది. బంతి మళ్ళీ ఒళ్ళోకి వచ్చింది. ఆడేటప్పుడు కూడా ఎడమచేత్తో తెచ్చి కుడిచేతిలో పెట్టుకునేది.

ఆదివారం ఆటలో ఆమెకి ఒక్క కాయే మిగిలింది, పండడానికి ఎనిమిది గళ్ళు. మంగతాయారుకి రెండు గళ్ళే. హైమావతి వేలు చటుక్కున దిగి చటుక్కున లేచింది. నేను ఆగాను. నాలుగు దీపాలూ ఆరిపోయాయి.

ఆమె కాయ జరపలేదు. తల తిప్పి తమ్ముడి వైపు అనుమానంగా చూసింది. గుమ్మంలో ఉన్న సూరిబాబు రెండు చేతులూ పైకెత్తి ఖాళీ అరచేతులు చూపించాడు.

“అయితే ఇది నాదేరా,” అంటూ కుడిచేత్తోనే కాయని ఇంట్లోకి జరిపింది.

ఆమెదే. నమ్మకం లేకపోతే మీ డబ్బాలు, తీగలు, కంప్యూటర్లు పట్టుకుని రండి. నన్ను తెరిచి చూద్దురు గాని, చేతనైతే.