పదో పేరు

మా కాలేజీలో ఏ క్లాసైనా నడవాలంటే కనీసం పదిమంది ఉండాలి. సెమిస్టర్ మొదలైన రెండో శుక్రవారం సాయంత్రం నాలుగింటికి లెక్క తీస్తారు. తొమ్మిదిమందే తేలితే క్లాసు ఎత్తేస్తారు. చేరికల కిటికీ వెనక పందొమ్మిదేళ్లు కూర్చున్నాను. ఆ లెక్క పైకి పంపడం నా పనే.

తూర్పు కెంటకీ కొండల్లో, బొగ్గు గనులు మూతపడిన జిల్లాలో రెండేళ్ల సర్కారు కాలేజీ మాది. చేరేవాళ్లంతా కుర్రకారు అనుకునేరు. సగటు వయసు ముప్ఫై. ఎక్కువమంది పిల్లల తల్లులు. పగలంతా కొట్లోనో, వృద్ధాశ్రమంలోనో పనిచేసి, యూనిఫారం కూడా విప్పకుండా సాయంత్రం క్లాసుకి వచ్చేవాళ్లు. మధ్యలో మానేసేవాళ్లే సగం. మానేసినవాళ్లలో మళ్లీ సగంమంది ఏ నాలుగేళ్లకో నా కిటికీ ముందుకొచ్చి, తప్పు చేసినట్టు నవ్వేవాళ్లు.

డ్రీమా కూమ్స్ అలా రెండుసార్లు మానేసింది. ఒకసారి తల్లికి జబ్బు చేసి, ఇంకోసారి కారు ఇంజను పోయి. ఇరవై తొమ్మిదేళ్లది. వృద్ధాశ్రమంలో మంచంపట్టినవాళ్లని అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టే పని. నర్సింగ్ చదవాలని దాని ఆశ. దానికి ముందు శరీరశాస్త్రం పాసవ్వాలి. ఆ క్లాసు ఏడాదికి ఒక్కసారే, జనవరిలో పెడతారు. వాళ్ల నాన్న వర్లిన్, నేను బడిలో ఒక తరగతి. అందుకని నన్ను అత్తా అనేది.

"ఈసారి నా పేరు మేకు కొట్టి పెట్టు అత్తా, ఊడకుండా," అంది మూడోసారి చేరుతూ.

"మేకులు నీ దగ్గరే ఉండాలే. నా దగ్గర స్టాప్లరే ఉంది," అన్నాను. పడీ పడీ నవ్వింది.

రెండో వారం సోమవారం పొద్దున రోడ్డంతా మంచు గడ్డకట్టింది. పనికి వెళ్తూ వంతెన మలుపులో దాని కారు జారి వాగులో పడింది. బుధవారం పూడ్చిపెట్టాం.

గురువారం కెండ్రా వచ్చింది. డ్రీమా పక్కన కూర్చునే పిల్ల. ముగ్గురు పిల్లలు, మొగుడు జైల్లో. కిటికీ అంచు పట్టుకుని నిలబడింది.

"మేం తొమ్మిదిమందిమయ్యాం కదా మార్జీ గారూ."

"తెలుసమ్మా."

"రేపు సాయంత్రం దాకా... దాని పేరు తీయకుండా ఉంచలేరా? ఈ మాట అడగడానికి నాకే అసహ్యంగా ఉంది. కానీ మళ్లీ ఏడాది ఆగాలంటే నావల్ల కాదు. పిల్లల్ని చూసుకోడానికి మా అమ్మ ఈ ఒక్క ఏడాదికే ఒప్పుకుంది."

నేను ఏమీ మాటివ్వలేదు. కాదని కూడా అనలేదు. చనిపోయినట్టు కాగితం నా చేతికి ఇంకా రాలేదు. రానంతవరకూ ఆ పేరు అక్కడుండటం నా తప్పు కాదని నాకు నేనే చెప్పుకున్నాను.

శుక్రవారం మూడింటికి వర్లిన్ వచ్చాడు. ఇరవై ఆరేళ్లు గనిలో పనిచేసిన మనిషి. ఊపిరితిత్తుల్లో బొగ్గు ధూళి పేరుకుపోయి, పది మెట్లెక్కితే రెండుసార్లు ఆగాలి. సమాధి చేసిన రోజు వేసుకున్న కోటే వేసుకున్నాడు. మరణ పత్రం తీసి నా ముందు పెట్టాడు.

"పేరు తీసేయాలట కదా మార్జీ."

నేను గొంతు తగ్గించాను. "వర్లిన్, ఈ కాగితం నేను సోమవారం చూశానంటే అడిగేవాళ్లెవరూ లేరు."

"కెండ్రా చెప్పింది. నిన్న అన్నం గిన్నె తెచ్చి బల్లమీద పెట్టి ఒకటే ఏడుపు. డ్రీమా కోసమనుకున్నా. సగం దాని కోసం, సగం క్లాసు కోసమట." దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఆగేదాకా చూశాను. "నా కూతురు లేని చోట ఉన్నట్టు రాయొద్దు. తీసేయ్. నా పేరు పెట్టు."

"నీ పేరా? నీకు యాభై ఎనిమిది!"

"వయసు మించితే రానివ్వరా?"

"రానిస్తారు..."

"బడి పూర్తిచేసిన కాగితం ఉంది. నీ పక్కనే నిలబడి తీసుకున్నాను కదా. దాని పుస్తకం ఉంది, ల్యాబు కోటు ఉంది. కోటు నాకు పట్టదనుకో."

డ్రీమాకి ప్రభుత్వ సాయం ఉండేది. పేరు తీయగానే అది ప్రభుత్వానికే తిరిగి వెళ్లిపోతుంది. వర్లిన్ సొంతంగా కట్టుకోవాలి. రుసుమంతా కలిపి ఏడువందల ఎనభై డాలర్లు. జేబులోంచి కవరు తీశాడు. దాని మీద సమాధి రాళ్లు చెక్కేవాడి పేరుంది. నేను కవరు వైపు చూడటం చూసి, "రాయికి తొందరేముంది, ఎక్కడికీ పోదు," అన్నాడు.

నాలుగింటికి పది అని పంపాను.

వర్లిన్ ఒక్క క్లాసు తప్పలేదు. చివరి వరసలో, తలుపు పక్కన కూర్చునేవాడు, దగ్గొస్తే బయటికి రావడానికి వీలుగా. ఎముకల పేర్లు పెదాలతో వల్లెవేసేవాడు, నిలిచేవి కావు. "పెద్దాయనా, కాపీ కొట్టాలంటే నా వెనక కూర్చో. నాదీ తప్పే, ఇద్దరం కలిసి ఫెయిలవుదాం," అని ఆ పిల్లలు ఆటపట్టించేవాళ్లు.

మార్చిలో ఊపిరితిత్తుల పాఠం వచ్చింది. పాఠం చెప్పే హెన్స్లీ మేడం బొమ్మ చూపించి వివరిస్తుంటే వర్లిన్ చెయ్యెత్తాడట. అదే మొదటిసారి.

"అది ఆరోగ్యంగా ఉన్నవాడిది కదా మేడం. ధూళి పట్టినది ఎలా వినిపిస్తుందో వీళ్లు వినొద్దా?" అని చొక్కా గుండీలు విప్పాడట.

వరండాకి అవతల నా గది. వర్లిన్ దగ్గు వినిపిస్తే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. తొమ్మిదిమందీ ఒక్కొక్కరే స్టెతస్కోపు పెట్టి విన్నారు. వీపు వంచి, వాళ్లు చెప్పినప్పుడల్లా గాలి పీల్చి వదిలాడు. అలసిపోయి పెదాలు నీలంగా మారినా, "ఇంకెవరు మిగిలారు?" అన్నాడు. ఆ గదిలో వాళ్లంతా గనివాళ్ల పిల్లలే. ఎవ్వరూ జోకు వెయ్యలేదు. తన వంతు అయ్యాక కెండ్రా గోడవైపు తిరిగి నిలబడింది.

మే నెలలో ఫలితాలొచ్చాయి. ఏడుగురు పాసయ్యారు. కెండ్రాకి మంచి మార్కులు. వర్లిన్‌కి వందకి నలభై ఒకటి. ఫెయిలు.

ఆ వారమే కిటికీ దగ్గరికి వచ్చాడు. చిన్న ఆక్సిజన్ సీసా చక్రాల మీద లాక్కుంటూ.

"నా మార్కుల కాగితం ఒకటి ఇవ్వు. డ్రీమాది కూడా. ఈ క్లాసులో చేరినట్టున్నా చాలు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటా."

ఆ శుక్రవారం నాలుగింటికి ముందు పేరు తీసేస్తే ఆ మనిషి అసలు చేరనట్టే లెక్క. నాలుగు దాటాక తీస్తే, చేరి మానేసినట్టు ఒక అక్షరం మిగిలేది. ఆ సంగతి ఆ రోజే నాకు తెలుసు. పదిమంది లెక్క కుదిరిందన్న తేలికలో చెప్పడం మానేశాను.

డ్రీమా కాగితం అచ్చు తీసి ఇచ్చాను. అంతకుముందు మానేసిన రెండుసార్లూ ఉన్నాయి. ఆ ఏడాది జనవరి లేదు.

విషయం చెప్పాను. కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాడు, అక్కడేమైనా ఉందేమోనని.

"ఆ రోజే చెప్పాల్సింది మార్జీ."

"చెప్పాల్సింది."

"గంట ఆగేవాణ్ణి కదా."

నేను ఏడ్చాను. అతను ఏడవలేదు, నన్ను తిట్టనూ లేదు. కాగితాలు రెండూ మడిచి కోటు జేబులో పెట్టుకుని, సీసా లాక్కుంటూ మెల్లగా వెళ్లిపోయాడు.

ఆ తర్వాత వర్లిన్ కాలేజీకి రాలేదు. సరుకుల కొట్లో ఎదురుపడితే తలూపేవాడు, మాట్లాడేవాడు కాదు. రెండు చలికాలాలు బతికాడు. అంత్యక్రియలకి నేను వెళ్లాను. కెండ్రా అప్పటికి లెక్సింగ్‌టన్‌లో పెద్దాసుపత్రి నర్సు. సెలవు దొరకలేదని పూలు పంపింది.