గంజి వదిలిన పంచె

డ్రయ్యరు మళ్ళీ కూసి ఆగిపోయింది. ఇస్సాకు తలుపు తెరిచి పంచె బయటికి లాగాడు. నీళ్ళు పాదాల మీద కారాయి.

"ఆరిపోయిందంట! పచ్చి అబద్ధం. అబద్ధాలాడే మిషను కొన్నారే మీరు," అన్నాడు చెల్లెలితో.

"తిట్టు, తిట్టు. తిట్లకి ఆరుతుందేమో చూద్దాం," అంది సరోజిని.

తెనాలిలో నిన్నటి నుంచీ వాన. ఇస్సాకు నిన్న రేపల్లె నుంచి వచ్చాడు. ఆటో వెనక పెట్టిన సంచీ తడిసి, ఉన్న రెండు జతలూ ముద్దయ్యాయి. మళ్ళీ ఉతుక్కున్నాడు. గంజి తనే కాచి పెట్టుకున్నాడు. గంజి విషయంలో అతను ఎవర్నీ నమ్మడు. బస్సు కండక్టరుగా చేసినన్నాళ్ళూ చిల్లర విషయంలోనూ అంతే. భార్య పోయాక రేపల్లెలో అతని ఇంట్లో నిటారుగా నిలబడింది గంజి పంచె ఒక్కటే.

ఇవాళ బాపట్ల వెళ్ళాలి. అక్కడ విజయమ్మ ఉంది. నర్సుగా చేసి రిటైరైంది, భర్త పోయి చాలాకాలమైంది. పొన్నూరులో ఒక పెళ్ళిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని భోంచేశారు. అప్పటి నుంచి ఫోన్లకి అంతు లేదు. ఇవాళ ఆమె అన్న మత్తయి ఇస్సాకును చూడ్డానికి గుంటూరు నుంచి వస్తున్నాడు. భోంచేసి వెళ్ళిపోతాడు. ఆయన సరేనంటేనే పెళ్ళి. ఆయన మాట దాటి విజయమ్మ ఏ పనీ చెయ్యదని ప్రతీతి.

"మీ బావగారి చొక్కా వేసుకుపో అన్నయ్యా."

"వేసి చూశాను. మోచేతుల దగ్గరే ఆగింది. మనిషా, అగ్గిపుల్లా మీ ఆయన?"

"ఆ అగ్గిపుల్ల లుంగీయే ఇప్పుడు నీ మానం కాపాడుతోంది."

ఇస్సాకు మిషను నెత్తిన అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. మొరాయించిన బస్సు ఇంజను మూత మీద డ్రైవర్లు అలాగే కొట్టేవాళ్ళు. మిషను తిరగడం మొదలెట్టింది. ఇంతలో ఫోను మోగింది.

"బయల్దేరారా కండక్టరుగారూ?" విజయమ్మ గొంతు.

"ఆఁ... రైల్లోనే ఉన్నానండి."

డ్రయ్యరు కూసింది.

"ఈ మధ్య రైళ్ళలో డ్రయ్యర్లు కూడా పెట్టారా ఏంటి? మా ఇంట్లోదీ ఇలాగే కూస్తుంది."

సరోజిని ఫోను లాక్కుంది. "రైలూ లేదు గియిలూ లేదు వదినా! మా వరండాలోనే ఉన్నాడు, లుంగీలో..." చటుక్కున నాలుక కరుచుకుంది. వదిన అనేసింది.

ఇస్సాకు చెవులు ఎర్రగా కాలాయి. చెల్లెల్ని ఈ జన్మకు క్షమించకూడదనుకున్నాడు.

"లుంగీ ఏ రంగు?" అంది విజయమ్మ.

సరోజిని నేల మీద కూలబడి నవ్వింది. ఇస్సాకు ఫోను అందుకుని, బట్టలు ఆరడం లేదని నిజం ఒప్పుకున్నాడు.

"డ్రమ్ము తిరుగుతోందా?"

"తిరుగుతోందండి."

"వేడి?"

"ఉందండి. కాసేపు తిరిగి, ఆరిపోయాయని ఆగిపోతోంది."

"అయితే ప్రాణభయం లేదు. ముందు ప్లగ్గు పీకండి. తలుపు అంచున చిన్న జల్లెడ ఉంటుంది, పైకి లాగండి."

లాగాడు. రాలేదు. రెండు చేతులా లాగితే ఊడి వచ్చింది, ఆ ఊపుకి అతను వెనకున్న బియ్యం బస్తా మీద పడ్డాడు. జల్లెడ నిండా బూడిదరంగు పొర, అప్పడంలా బిగుసుకుని ఉంది. వేలితో కొడితే టకటకమంది.

"అక్కడ దూదిలాంటి నూగు ఉండాలి కదండీ, టకటకేంటి?" అంది విజయమ్మ. "కొంపదీసి గంజి బట్టలు గాని వేశారా?"

ఇస్సాకు లుంగీ సర్దుకున్నాడు.

"వానాకాలమంతా వారం వారం వచ్చి అన్నయ్య వేసేవి గంజి పంచెలే వదినా!" అని అరిచింది సరోజిని. ఈసారి నాలుక కరుచుకోలేదు.

"సరిపోయింది. డ్రమ్ము లోపల ముందువైపు రెండు ఇనప పట్టీలుంటాయి చూడండి. తడిబట్ట వాటికి తగిలితేనే మిషనుకి తడి తెలిసేది. గంజి పట్టి పాపం దానికి స్పర్శ పోయింది. గుడ్డకి వెనిగర్ అద్ది తుడవండి. జల్లెడ వేణ్ణీళ్ళలో నానేసి బ్రష్షు కొట్టండి. వెనక గాలి గొట్టం కూడా చూడండి."

గొట్టం నలిగిపోయి ఉంది. బస్తాకి చోటు చెయ్యడానికి సరోజిని మిషన్ని గోడకి నెట్టేసింది. ఇస్సాకు సంబరపడ్డాడు.

"చూశారా, తప్పు నా ఒక్కడిదే కాదు!"

"పావలా వంతు ఆవిడది. ఇప్పుడా పంచె, చొక్కా జాడించి, గంజి వదిలించి వెయ్యండి."

ఇస్సాకు పంచె అంచు గట్టిగా పట్టుకున్నాడు. "గంజి లేకుండా నేను గుమ్మం దాటలేదండి. మీ అన్నగారు చూస్తే ఏమనుకుంటారు?"

"గంజితో వేస్తే పట్టీలు మళ్ళీ పూడతాయి. గంజితో కూర్చుంటారో, గంజి వదిలి వస్తారో మీ ఇష్టం." ఫోను పెట్టేసింది.

ఇస్సాకు బక్కెట్టు ముందు చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. తర్వాత పంచెను ముంచాడు. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. మార్చి మళ్ళీ ముంచాడు. తన వెన్నెముకే కరిగిపోతున్నట్టుంది. విచిత్రం, నొప్పి లేదు. కితకితలు పెట్టినట్టుంది.

పట్టీలు తుడిచి, గొట్టం సరిచేసి, బట్టలు పిండి వేస్తే డ్రయ్యరు ఈసారి ఆగలేదు. వెనక గొట్టంలోంచి వేడిగాలి బుస్సున వచ్చి సరోజిని చీర కుచ్చెళ్ళు ఎగరేసింది. "తిరుగుతోందే!" అని ఇస్సాకు లుంగీలో గంతేశాడు. ఆ వయసులో గంతెయ్యకూడదు. మళ్ళీ వేశాడు.

ఇస్త్రీకి వ్యవధి లేదు. మెత్తటి పంచె కట్టుకుని బాపట్ల రైలెక్కాడు. మడత నలుగుతుందన్న బెంగ లేదు గనక కిటికీ పక్కన కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. చుండూరు దాటాక కూనిరాగం మొదలెట్టాడు. ఎదుటి సీటు ముసలమ్మ చోద్యంగా చూసింది.

మత్తయి గుమ్మంలోనే ఉన్నాడు. ఆయన చొక్కా కత్తిలా ఉంది.

"వందనాలండి," అన్నాడు ఇస్సాకు.

"వందనాలు. పంచె అలా వేలాడుతోందేం? ఒంటరివాడి ఇల్లు పంచెలోనే కనిపిస్తుందంటారు."

మరొకప్పుడైతే అక్కడే యుద్ధం జరిగేది. ఇస్సాకు నోరు తెరిచాడు. మాటకు బదులు నవ్వు వచ్చింది. ఆపబోతే ఇంకా వచ్చింది. రైలు అబద్ధం దగ్గర్నుంచి లుంగీ దాకా నిలబడే అంతా చెప్పేశాడు.

మత్తయి నవ్వలేదు. విస్తళ్ళ ముందు కూర్చున్నాక గొంతు సవరించుకున్నాడు. "విజయా, ఆలోచించి చెబుదాం. నేనింకా ఏమీ అడగలేదు."

"నువ్వు అడగాల్సింది లేదన్నయ్యా. నేను గంజి వదలమన్నాను, వదిలారు. నువ్వు వాయిదాలు వేసేలోపు నాకు డెబ్బై వస్తాయి. వచ్చే ఆదివారం గుళ్ళో పాస్టరుగారితో పెళ్ళి ప్రకటన చెప్పిస్తున్నాను."

మత్తయి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇస్సాకు మింగుతున్న ముద్ద పొలమారింది. ఉక్కిరిబిక్కిరై, కళ్ళనీళ్ళొచ్చి, దగ్గాడు. విజయమ్మ గరిటె వదిలేసి, అన్న చూస్తుండగానే, అతని నడినెత్తి మీద తట్టింది.

"ఎవరో తలుచుకుంటున్నారు," అన్నాడు మత్తయి, నీళ్ళ గ్లాసు ఇటు జరుపుతూ.

"ఎవరో ఏంటి, నేనే," అంది విజయమ్మ. ఇంకా తడుతూనే ఉంది.