పట్టుకో, పట్టుకోవద్దు

ఎడమ గిన్నెలోని నరాల కణాలు బాగానే ఉన్నాయి. కుడి గిన్నెలోవే బాగాలేవు. ఆ రెండింటిలో ఏవి తనవో, ఏవి తమ్ముడివో అక్కకి తెలియదు. ఫ్రీజర్ మంచుకి, కణాలు దాచిన సీసాల మీది చీటీలు రెండూ ఊడిపోయాయి. ఇంట్లో ఉప్పు డబ్బాకి కూడా పేరు రాసి అంటించే మనిషి, ఇక్కడ మాత్రం జిగురు సంగతి చూసుకోలేదు.

తండ్రి జబ్బు చేతిలోంచి గ్లాసు జారడంతో మొదలైంది. చివరికి కూతురి ముఖం చూసి "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు. అది తమకీ వచ్చిందేమో తేల్చుకోవాలని ఇద్దరూ చేతి మీంచి చిటికెడు చర్మం ఇచ్చారు. ఆ కణాలనే అక్క తన ల్యాబ్‌లో నరాల కణాలుగా మార్చి పెంచింది.

అప్పుడే తమ్ముడికి విడమరిచి చెప్పింది. "జన్యువులో రాసిందంతా కణం ఉన్నదున్నట్టు వాడుకోదురా. నకలు తీసి, కొన్ని ముక్కలు కత్తిరించి, మిగతావి అతికిస్తుంది. 'పట్టుకోవద్దు' అని ఉందనుకో. 'వద్దు' కత్తిరిస్తే 'పట్టుకో' అవుతుంది. అప్పుడా నకలుతో తయారైన ప్రోటీన్ వెళ్ళి పక్క కణం ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. ఎప్పుడు ఉంచాలో, ఎప్పుడు తీసెయ్యాలో మంచి కణానికి తెలుసు. నాన్న కణాలకి అది చేతకాలేదు. ఎప్పుడూ వద్దు, వద్దు."

"అచ్చం నీలాగే. ఏదడిగినా వద్దంటావుగా," అని నవ్వాడు వాడు.

కుడి గిన్నెలో అన్నీ 'వద్దు'లే. అవి ఎవరివో తేల్చడానికి ఒక్కటే దారి. వాటి డీఎన్‌ఏని జెల్ అనే మెత్తటి పలకలో కరెంటుతో నడిపిస్తే, మగవాడి కణాలైతే దాని మీద రెండు గీతలు వస్తాయి, ఆడవాళ్ళవైతే ఒకటే.

మధ్యాహ్నం కుడి గిన్నె కణాలతో జెల్ నడుస్తుండగా తమ్ముడు ఊడిపడ్డాడు. "ఇంట్లో కాలు నిలవట్లేదక్కా. ఇవాళే తెలుస్తుందన్నావుగా!"

గిన్నెల సంగతి వాడికి చెప్పలేదు. రెండు గీతలు రావాలి, రెండు రావాలి అని లోపల ఒకటే గోల. రెండు వస్తే జబ్బు తమ్ముడికేనని ఆమెకి తెలియక కాదు. చంకనేసుకుని పెంచిన తమ్ముడు వాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా భయం ముందు ఏ ప్రేమా నిలబడలేదు.

జెల్‌ని నీలం దీపం మీద పెట్టింది. ఒక గీత కనిపించింది. కళ్ళు చికిలించి చూస్తే దాని కింద సన్నగా ఇంకోటి.

"అమ్మయ్య!" అనేసింది.

అన్నాక తెలిసింది ఏమందో.

"అమ్మయ్యా? అయితే బతికాం అక్కా!" తమ్ముడు ఆమె భుజాలు పట్టుకుని ఊపేశాడు. వాడి కళ్ళలో నీళ్ళు.

"ఒరేయ్, ఆగు. నేను చెప్పేది..."

"ఉండక్కా. అమ్మ పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నేనే చెప్తా," అంటూ ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల అమ్మ ఎత్తింది.