తిరిగొచ్చే బండి

మా ఆయన రైలింజిను డ్రైవరుగా చేశారు. ఉద్యోగం అయిపోయాక అందరూ రైలు దిగి ఇంటికొస్తే, ఈయన రైలునే ఇంటికి తెచ్చుకున్నారు. ముందుగదిలో గోడ నుంచి గోడ దాకా ఒక పెద్ద బల్ల. దాని మీద వేలెడంత ఇంజిను, అగ్గిపెట్టెలంతేసి పెట్టెలు, కొండలు, వంతెన, స్టేషను. ఎవరైనా వస్తే వంటింట్లో కూర్చోబెట్టుకోవాల్సిందే. నా కుట్టుమిషను పడకగదిలోకి పోయింది. "ఈ బల్లనైనా బయట పెట్టించండి, నన్నైనా పెట్టించండి" అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో! "బల్ల బరువెక్కువే, నువ్వే తేలిక" అని నవ్వేసేవారు.

అలాంటి మనిషి ఒక రోజు మధ్యాహ్నం టీ గ్లాసు కింద పెట్టి, "సాయంత్రం వడ్రంగి వస్తాడు. బల్ల విప్పి పట్టుకుపోతాడు. చెక్క పనికొస్తుందన్నాడు" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. నేను గొంతు చించుకున్నా కదలని బల్ల, వడ్రంగి కోసం కదులుతుందా?

"ఏం పుట్టింది మీకు ఇవాళ?" అన్నాను.

ఆయన చేతులు ముందుకు చాపారు. కొంతకాలంగా వణుకుతున్నాయని నాకు తెలుసు. టీ గ్లాసు సగమే నింపి ఇస్తున్నాను. ఆ వణుకు ఇంత దాకా తెస్తుందని మాత్రం అనుకోలేదు. బల్లకు అటు చివర గోడ దగ్గర పట్టాల్లో కరెంటు ఆగిపోతుంది. బండి అక్కడి దాకా వెళ్లి నిలబడిపోతుంది. ఈయన లేచి వెళ్లి, పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి, ఇటు తిప్పి పెడతారు. అలా కాకుండా పట్టాలు అక్కడ గుండ్రంగా మెలిక తిరిగి మళ్లీ వచ్చిన దారిలోనే కలిస్తే, బండి దానంతటదే వెనక్కొస్తుంది. ఆయన ఆశంతా ఆ మెలిక మీదే. ఆ మెలికకు పట్టాలు ఎప్పుడో పరిచారు, కరెంటే అందలేదు. బల్ల కింద నుంచి తీగలు అతికించాలి. చిటికెన వేలి గోరంత కూడా లేని చోట టంకం పెట్టాలి. ఆ చేతులతో అది అయ్యే పని కాదు.

"తిరిగిరాని బండి ఎందుకే నాకు? ఇక చాల్లే" అన్నారు.

ఆయన చాలన్నది బల్ల ఒక్కదాన్నే కాదు. ఈ బల్ల పోయిందంటే ఈ మనిషి రేపటి నుంచి కుర్చీలో కూలబడి ఖాళీ గోడకేసి చూస్తూ ఉండిపోతారు. అది నేను చూడలేను.

"ఆ టంకం కడ్డీ ఇటివ్వండి" అన్నాను.

"నీకేం తెలుసే ఈ పని?"

"సూదిలో దారం ఎక్కించడం తెలుసు. మీరు పైన నిలబడి చెప్పండి, నేను కింద అతికిస్తాను."

పాత దుప్పటి పరుచుకుని, కళ్లద్దాలు సర్దుకుని, ఆయన కాళ్ల పక్క నుంచి తల ముందు పెట్టి బల్ల కిందికి దూరాను. వెల్లకిలా పడుకుని టార్చి వేశాను.

అమ్మ బాబోయ్!

నేను బట్టలు కుట్టి బతికిన దాన్ని. ఎవరి పనితనమైనా పైన చూడను, తిరగేసి లోపలి కుట్టు చూస్తాను. ఈ బల్ల లోపలి కుట్టుకు వంక పెట్టలేకపోయాను. ఎర్ర తీగలన్నీ ఒక వరస, నల్లవన్నీ ఒక వరస. మలుపొచ్చిన చోట అన్నీ కలిసి ఒక్కలా వంగాయి. జానెడుకో కట్టు, ప్రతి కట్టుకూ అదే ముడి. కట్టిన దారం నాదే! పోయాయనుకుని ఇల్లంతా వెతికిన దారపుకండెలు ఇక్కడ తేలాయి. తిడదామని నోరు తెరిచి, తెరిచినట్టే ఉండిపోయాను. ఇలా నేల మీద పడుకుంటే తప్ప ఎవరికీ కనబడని చోట, ఎవరు మెచ్చుకుంటారని ఇంత పని చేశారీయన? ఇన్నేళ్లు ఒక్క ఇంట్లో కాపురం చేసి, ఈ మనిషిని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టుంది.

"ఏమేవ్, నిద్రపోయావా?"

"కాస్త చూడనివ్వండి! ఈ పచ్చ తీగ ఒక్కటే విడిగా పోతోంది, ఎక్కడికి?"

"దాన్ని కదపకు. ఎడమ పట్టాకు ఎర్రది, కుడి పట్టాకు నల్లది. అంతే నీ పని."

వేలు ఒకసారి కాలింది, కళ్లలోకి పొగ పోయింది. అయినా అతికించి బయటికొచ్చాను. ఆయన బండి వదిలారు. స్టేషను దాటింది, వంతెన దాటింది, మెలికలో చక్రం పెట్టిందో లేదో టప్పుమని మొత్తం ఆగిపోయింది. మళ్లీ వదిలారు. మళ్లీ టప్.

"నువ్వేం చేస్తావులే. నాకు రాసిపెట్టి లేదు" అని ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు.

సరిగ్గా అప్పుడే వడ్రంగి సంచీ భుజాన వేసుకుని గుమ్మంలోకొచ్చాడు. "విప్పడం మొదలెట్టమంటారా అమ్మా?"

"అక్కడే ఆగు! నీ చెక్కలెక్కడికీ పారిపోవు!" అని కసిరి మళ్లీ బల్ల కింద దూరాను. అతుకు లాగి చూశాను, గట్టిగానే ఉంది. మరి తప్పెక్కడ?

"ఏమండీ, మీ ఎడమ ఎటు వైపు?"

"ఇదేం ప్రశ్నే? కిటికీ వైపు."

నా ఎడమ చెయ్యి చాపాను. అది కిటికీకి ఎదురుగా, నేరుగా గుమ్మంలోని వడ్రంగిని చూపిస్తోంది.

"ఓరి నా తెలివి తెల్లారా!" అని అరిచాను. బట్టను తిరగేసి పెట్టుకుని ఒకే వైపుకి రెండు జాకెట్టు చేతులూ కత్తిరించే, కొత్తగా కుట్టు నేర్చుకునే అమ్మాయిల నెత్తిన మొట్టేదాన్ని నేను. తిరగేస్తే కుడి ఎడమవుతుందని వాళ్లకి నేర్పిందీ నేనే. ఆయన పైన మంచి వైపు చూస్తూ చెప్పారు, నేను కింద తిరగేసిన వైపు చూస్తూ కుట్టాను!

రెండు తీగలూ ఊడదీసి అటుదిటు ఇటుదటు అతికించాను. బయటికొచ్చేసరికి గదిలో సంజె చీకటి పడింది. దీపం వేయబోతే ఆయన వద్దన్నారు.

"బండి మొత్తం మెలికలో ఉండగానే ఈ మీట తిప్పాలి. అప్పుడే వెనక్కొచ్చే దారికి కరెంటు అందుతుంది. ముందైనా తప్పే, ఆలస్యమైనా తప్పే" అన్నారు.

"నేను తిప్పుతాను."

"నేనే తిప్పాలి" అని వణికే చేతిని రెండో చేత్తో పట్టుకున్నారు.

బండి కదిలింది. వంతెన దాటింది. మెలికలోకి ఇంజిను పోయింది, పెట్టెలన్నీ పోయాయి. టక్కున మీట పడింది. చివరి పెట్టె చీకట్లోకి జారింది, అటు నుంచి ఇంజిను దీపం మాకు ఎదురుగా బయటికొచ్చింది. ఎవరూ ఎత్తలేదు, తిప్పలేదు. దానంతటదే మా వైపే వస్తోంది.

అదే మీటతో ఇంకొకటి కూడా వెలిగింది. పట్టాల పక్కన చిన్న ఇల్లు, అందులో ఒకే కిటికీ. పచ్చ తీగ వెళ్లింది అక్కడికే. వంగి చూశాను. కిటికీ వెనక బియ్యపుగింజంత కుట్టుమిషను, దాని ముందు ఒక ఆడమనిషి. పట్టాల పక్కన మేం కాపురమున్న ఇల్లది. ఆయన బండి వచ్చే వేళకి దీపం పెట్టుకుని ఆ కిటికీలోనే కుడుతూ కూర్చునేదాన్ని.

గుమ్మంలో వడ్రంగి సంచీ కింద పెట్టేశాడు. "ఇది విప్పడం నా వల్ల కాదమ్మా" అన్నాడు మెల్లగా.

"ఎవడు విప్పమన్నాడు? ఆ మూల కాలు ఊగుతోంది, బిగించి వెళ్లు" అన్నాను.

మా ఆయన కళ్లు తుడుచుకోలేదు. దీపం దగ్గరికొచ్చే కొద్దీ ముందుకు వంగారు.

"ఇంటికొచ్చే బండిని నేనెప్పుడూ చూళ్లేదే. ఎప్పుడూ లోపలే ఉండేవాణ్ని. నువ్వు చూసేది ఇదేనా?"

"ఇదే" అని ఆయన చేతిని పట్టుకున్నాను. "అప్పుడు ఒక్కదాన్నే చూసేదాన్ని."