హెప్సిబాకు హామీ

హెప్సిబా చేతులు చూపించింది. వేళ్ల సందుల్లో తోలు ఊడి ఎర్రగా మాంసం కనిపిస్తోంది. బంటుమిల్లి అవతల రొయ్యల ఫ్యాక్టరీలో, ఐసులో ముంచి రొయ్యలు ఒలిచిన చేతులవి. ఇప్పుడు వాటితో అన్నం కూడా కలుపుకోలేకపోతోంది.

"ఇంక నేను రాలేను వదినా," అంది.

హెప్సిబాను తీసుకురమ్మని కుమారిని పంపింది ఫ్యాక్టరీ మేనేజరు శ్రీనివాసరావు. సీజను మధ్యలో మానేస్తే కంపెనీకి వచ్చిన నష్టం కట్టాలని అందరిచేతా కాంట్రాక్టు రాయించాడు. అంతటితో ఆగాడా? ఒకరికొకరిని హామీ పెట్టించాడు. డ్వాక్రా గ్రూపులో అలవాటైన పనే కదా అని ఆడవాళ్లు నవ్వుకుంటూ సంతకాలు పెట్టారు. వాళ్ల మంచితనంతోనే వాడు ఉచ్చు పేనాడు. హెప్సిబాకు హామీ కుమారి.

ఒంటరిగా తిరిగొచ్చిన కుమారిని షెడ్డులో అందరి ముందూ నిలబెట్టాడు.

"ఏదమ్మా నీ మనిషి?"

"చేతులు పుండ్లు పడ్డాయండి."

"రొయ్యలు ఎక్కించే కంటైనరు ఆలస్యమైతే ఆ నష్టం నీ మీదే రాస్తా. సాయంత్రానికి తీసుకొస్తావో, నువ్వే కట్టుకుంటావో."

వాడటు వెళ్లగానే, అందరిలోకీ పెద్దదైన కోటమ్మ గసిరింది. "వెళ్లి లాక్కురావే. దాని పుండ్లకి నువ్వు ఇల్లమ్ముకుంటావా?"

"లాక్కొస్తా పిన్నీ. రేపు నీ చేతులు పోతే నిన్నూ లాక్కురావాలి. నీకు హామీ ఎవరు?"

"మేరీ."

"మేరీ లాక్కొస్తదా నిన్ను?"

మేరీ తల దించుకుంది.

"వాడికి కాపలావాళ్లతో పనేముంది పిన్నీ? మనకి మనమే కాపలా."

"అందరం మానేద్దామంటావా? అందరి మీదా కేసేస్తాడు."

"వెయ్యనీ. ఒక్కదాన్నైతే ఇంటికొచ్చి బెదిరిస్తాడు. ఇంతమందిమి కోర్టుకెళ్తే, మన చేతుల నష్టం ఎవడు కడతాడో మనమే అడుగుదాం."

అప్పులు, పిల్లల ఫీజులు అందరికీ గుర్తొచ్చాయి. చివరికి కోటమ్మ ఐసులోంచి చేతులు తీసి చీరకు తుడుచుకుంది. తర్వాత మేరీ. తర్వాత షెడ్డంతా.

శ్రీనివాసరావు గేటుకు తాళం వేయించి పోలీసులకు ఫోన్ చేశాడు. ఐసు కరుగుతోంది. "నీ హామీ కొట్టేస్తానమ్మా, వీళ్లని పనిలో కూర్చోమను," అని కుమారిని బతిమాలాడు.

"అందరివీ కొట్టెయ్యండి."

ఎస్సై వచ్చి కుమారిని జీపెక్కమన్నాడు. ఆమెకన్నా ముందే కోటమ్మ ఎక్కి కూర్చుంది. వెనకే మేరీ, ఆ వెనక షెడ్డంతా వచ్చి జీపు చుట్టూ నిలబడింది.

"దిగండమ్మా, ఇంతమందికి చోటెక్కడ?"

"మీ మేనేజరు కంటైనరు ఖాళీగానే ఉంది బాబూ," అంది కోటమ్మ, "అది తెప్పించండి."