లోపలి అరల యసోజి

యసోజి సొరుగు అంచుకి ఇంకొక్కసారి చిత్రిక పట్టి గూట్లోకి తోశాడు. పక్క సొరుగు దానంతటదే వేలెడు బయటికొచ్చింది. లోపలి గాలికి మరో దారి లేదన్నమాట. తలాడించి ఇంకోటి అందుకున్నాడు.

ఓగి రేవులో నావల యజమానులు డబ్బూ, ముద్రలూ, కాగితాలూ దాచుకునే పెట్టెలు చేసే కొట్టు అది. పైన గట్టి కర్ర, దాని మీద ఇనుప రేకుల నగిషీ. చూసినవాళ్లు వాటినే మెచ్చుకునేవారు. లోపల దూదిలా తేలికైన కిరి చెక్కతో రహస్యపు అరలు అమర్చేది యసోజి. నలభై ఏళ్లుగా అదే పని. పెట్టె అడుగున కాల్చిన ఇనుముతో వేసే పేరు మాత్రం కొట్టు యజమాని కంబేది. యసోజి పెళ్లి చేసుకోలేదు. కొట్టు వెనక గదిలో ఒక్కడే వండుకునేవాడు.

ఆ ఉదయం ఓరికు అనే ఆవిడ ఇద్దరు కూలీలతో ఒక పెట్టె మోయించుకొచ్చింది. తుఫానులో ఆమె భర్త నావ మునిగింది. మనిషి దొరకలేదు, పెట్టె మాత్రం తేలుతూ ఒడ్డుకు చేరింది. తాళంచెవి ఆయన నడుముకే ఉండిపోయిందనీ, పగలగొట్టకుండా తెరవమనీ అడిగింది.

యసోజి సన్నని ఇనుప పుల్లతో తాళం తీశాడు. వెనక పలక పక్కకి జరిపి లోపలి అర లాగాడు. కాగితాలకు చెమ్మయినా తగల్లేదు. వాటి కింద ఎర్రదారం చుట్టిన కొత్త దువ్వెన ఉంది. ఓరికు దాన్ని చాలాసేపు చూసింది.

"చుక్క నీళ్లు పోలేదే," అంది మెల్లగా. "మనుషుల్నీ ఇట్టా చేసుండకూడదా, పెద్దాయనా?"

యసోజి అర అంచు మీద వేలు పెట్టి చూపించాడు.

"నీళ్లు తగిలితే చెక్క ఉబ్బుద్దమ్మా. సందు మూసుకుపోద్ది. అంతే."

పెట్టె ఎవరు చేశారని ఆమె అడిగితే, కంబే అడుగునున్న తన పేరు చూపించాడు. ఆమె మాత్రం వెళ్తూ వెళ్తూ యసోజి వైపు తిరిగి, నడుం వంచి దండం పెట్టింది. అతను చేతిలోని ఉలి కింద పెట్టాడు.

మధ్యాహ్నం బార్లీ అన్నం, ముల్లంగి ఊరగాయ సగమే తిన్నాడు. ఎండ పడుతున్న గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కాసేపటికి కంబే వచ్చి టీ చల్లారిపోతోందని చెప్పాడు. భుజం తట్టాకగానీ యసోజి ప్రాణం పోయిందని తెలియలేదు.

తర్వాత యసోజి గది సర్దుతుంటే కంబేకి పక్కగుడ్డల కింద జానెడు కిరి పెట్టె దొరికింది. దానికి తాళం లేదు, పేరు లేదు, ఎక్కడా అతుకు కనబడదు. కంబే మూడు రోజులు తిప్పి తిప్పి చూశాడు. రేవులోని వడ్రంగులూ ప్రయత్నించారు. పగలగొట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు. అది కొట్టులో బల్ల మీదే ఉండిపోయింది; ఊపితే లోపల తేలికైనదేదో ఒకటి ఇటునుంచి అటు కదులుతుంది.